పద్నాలుగో కవరు

పొద్దున్న పది గంటల పదకొండు నిమిషాలకు గ్యాస్ కంపెనీ యూనిఫాం వేసుకున్న మనిషొకడు ఆ అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో తలుపు తట్టాడు. లోపలున్న అనువాదకుడు గొలుసు తీయకుండానే తలుపు ఓరగా తెరిచాడు. జాగ్రత్తపరుడు. కానీ సైలెన్సర్ బిగించిన పిస్టల్‌కి ఆ ఓర చాలు. స్టవ్ మీద పాలు పొంగి, మాడి, ఆ కమురు వాసనకి పక్కింటావిడ వచ్చి చూసేదాకా అతను పోయిన సంగతి ఎవరికీ తెలియలేదు.

నలభై రోజుల్లో ఇది మూడో చావు. ముగ్గురూ డాక్టర్ అనే విదేశీ ముఠా నాయకుడి మీద సాక్ష్యం చెప్పవలసినవాళ్ళు. ముగ్గురినీ దాచింది గూఢచారి శాఖే. వాళ్ళ అడ్రసులు శాఖ కంప్యూటర్లలో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేవు.

పన్నెండింటికి పెద్దాయన గదిలో బ్రీఫింగ్ మొదలైంది. పెద్దాయన అంటే శాఖాధిపతి. ప్రతి బ్రీఫింగ్‌నీ "ప్రశ్నలున్నాయా?" అని ముగించడం ఆయన అలవాటు. ఎవరైనా నిజంగా అడిగితే మొహం ముడుచుకోవడం ఇంకో అలవాటు.

ఎదురుగా కూర్చున్న ఏజెంటుని శాఖలో అందరూ రిపేరు అంటారు. ఏ మిషన్‌కి పంపినా ఏదో ఒకటి బాగుచేసేవాడి వేషంలోనే వెళ్తాడు కాబట్టి ఆ పేరు పడింది. ఏసీ, లిఫ్ట్, జిరాక్స్ మిషన్, ఒకసారైతే పళ్ళ డాక్టరు గారి కుర్చీ. వేషమే కదా అని ఊరుకోడు, నిజంగానే బాగుచేసి మరీ వస్తాడు. అతని చేతికి లొంగనిది సంసారం ఒక్కటే.

"లీకు సిస్టమ్‌లోంచే," అన్నారు పెద్దాయన. "సిస్టమ్ కట్టింది ఎవరో నీకు తెలుసు."

కట్టింది రిపేరు భార్య.

ఆమె శాఖకి సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్. శాఖలో పదిహేను డెస్కులు, ఒక్కో డెస్కుకీ సొంత సర్వర్. వాటి మధ్య ఆమె పెట్టిన రూలు ఒక్కటే: ఎవరూ ఎవరినీ ఏదీ అడగకూడదు. ఏదైనా జరిగితే, జరిగిందని సందేశం పంపాలి. ఒక సాక్షి ఇల్లు మారితే, మారాడని కబురు వెళ్తుంది. ఆ కబురు కావలసిన డెస్కులు దాన్ని అందుకుని తమ తమ కాపీలో రాసుకుంటాయి. తర్వాత ఎవరికి ఏం తెలుసుకోవాలన్నా తన కాపీ తను చూసుకోవడమే. పంపిన సందేశాన్ని వెనక్కి తీసుకోవడం లేదు. కాపీని చేత్తో దిద్దడం అసలే లేదు. "అడిగావంటే నీకేం కావాలో ఊరందరికీ తెలిసిపోతుంది. ఊరికే వింటే ఎవరికీ తెలియదు," అనేది. ఇంట్లోనూ అదే వరస. ఆకలేస్తోందా అని ఏనాడూ అడిగేది కాదు, వడ్డించేసేది.

రెండేళ్ళ కిందట ఒక సోమవారం ఆమె ఆఫీసుకి రాలేదు. వారం తిరక్కుండా ఒక ఎంబసీ విందు ఫోటోలో కనిపించింది, పట్టుచీరలో, డాక్టర్ మోచేతి మీద చెయ్యి వేసి నవ్వుతూ. ఆ నవ్వు ఎంత అందంగా ఉందో చెప్పడానికి రిపేరుకి వేరే సాక్షి అక్కర్లేదు.

ఆ రోజు అతను రెండు పనులు చేశాడు. మొదటిది పంతం కొద్దీ చేసింది: ఆమె ఐడీ మీద ఏ సందేశం వచ్చినా తన డెస్కు అందుకోకుండా కట్ చేసేశాడు. రెండోది మర్నాడు, ఆ పంతం చల్లారాక చేసింది: రూలు తప్పి ఒక చిన్న క్వెరీ రాసుకున్నాడు. ‘ఆమె ఎక్కడ ఉంది?’ రోజూ పొద్దున్న తొమ్మిదింటికి ఆ ప్రశ్న మిగతా పద్నాలుగు డెస్కులకీ వెళ్తుంది. జవాబుల కోసం కాసుక్కూర్చుంటుంది. రోజూ తెర మీద ‘సమాచారం లేదు’ అని వస్తుంది. అది చూశాకే అతను టీ తాగేవాడు. ఈ పద్ధతేదో సులువుగా ఉందని సాక్షుల రక్షణ డెస్కువాళ్ళు దాన్ని కాపీ కొట్టి తమకీ పెట్టుకున్నారు. అతను వద్దనలేదు.

"ఆమె దగ్గర్నుంచి కబురొచ్చింది," అన్నారు పెద్దాయన. "నిన్నే పంపమంది. హోటల్లో, రెండున్నరకి."

"నన్నెందుకు?"

పెద్దాయన మొహం ముడుచుకున్నారు. "లిఫ్ట్ గొణుగుతోందని ఆమె అంటుంది. గ్రీజు కాదు, దానికి మనసు బాలేదని నువ్వు అనాలి. అదే కోడ్."

"పిస్టల్?"

"పట్టుకెళ్ళు. వాడాలో వద్దో, చెప్పింది విన్నాక చూసుకో. ప్రశ్నలున్నాయా?"

"లేవు సర్."

*

హోటల్ లాబీలో రెండో లిఫ్ట్ తలుపుకి ‘టెస్టింగ్’ బోర్డు తగిలించి, రిపేరు మోకాళ్ళ మీద కూర్చుని ప్యానెల్ విప్పాడు. నీలం ఓవరాల్స్, అతికించిన మీసం, చెవి మీద పెన్సిలు. స్క్రూడ్రైవర్ పిడిలో జామర్ ఉంది. ఒకసారి తిప్పితే ఆరు నిమిషాల పాటు చుట్టుపక్కల ఏ మైకూ పనిచేయదు. టూల్స్ సంచీ అడుగున, స్పానర్ల కింద పిస్టల్.

సరిగ్గా రెండున్నరకి హైహీల్స్ చప్పుడు వచ్చి అతని వెనక ఆగింది. ఆమె వెంట ఇద్దరు బాడీగార్డులు.

"ఏమయ్యా, ఈ లిఫ్ట్ గొణుగుతోందేం?"

రెండేళ్ళ తర్వాత విన్న గొంతు. చేతిలో స్క్రూ జారిపోయింది. వెతికి తీసుకున్నాకే జవాబు చెప్పాడు.

"గ్రీజు కాదు మేడమ్. దానికి మనసు బాలేదు."

"నేను ఐదో అంతస్తుకి వెళ్ళాలి."

"ఒక్కరినైతే ఎక్కించుకోగలను. టెస్ట్ లోడ్ అంతే." బాడీగార్డుల పొట్టల వంక అనుమానంగా చూశాడు. వాళ్ళు చిన్నబుచ్చుకుని మెట్లదారి పట్టారు.

నాలుగుకీ ఐదుకీ మధ్య లిఫ్ట్ ఆపి పిడి తిప్పాడు. మరో చేత్తో పిస్టల్ తీశాడు.

"ముగ్గురు పోయారు," అన్నాడు. "సిస్టమ్‌లో ఏ కంత పెట్టి వెళ్ళావో చెప్పు."

ఆమె పిస్టల్ వంక చూడలేదు. మీసం వంక చూసింది. "కొస ఊడింది, అతికించుకో. రోజూ తొమ్మిదింటికి నా గురించి అడుగుతున్నది నువ్వేనా?"

అతను మీసం జోలికి పోలేదు.

"నువ్వే అయ్యుంటావనుకున్నా. కంత పెట్టింది నేను కాదు. నువ్వు."

గోడకి ఆనుకుని, ఎవరో తరుముకొస్తున్నట్టు చెప్పుకుపోయింది. "మన లైను మీద డాక్టర్ చెవి ఉంది. పెద్దాయనకీ తెలుసు. వింటే విననీ అనుకున్నాం, ప్రతి సందేశమూ సీలు వేసిన కవరులాంటిదే కదా. లోపలేముందో చదవలేడు. కానీ బరువు తూచగలడు. ఎవరు పంపారు, ఏ కేసు నంబరు అన్నది కవరు మీదే ఉంటుంది. కబుర్లు మాత్రమే పోతున్నంత కాలం తూచినా వాడికి ఒరిగేదేం లేదు. కానీ నీలాగే, ఫలానా సాక్షి ఎక్కడని మీ వాళ్ళు పొద్దున్నే అడిగారు. పద్నాలుగు డెస్కులు జవాబిచ్చాయి. పదమూడు తేలిక కవర్లు, ఒకటి బరువు. బరువు కవరు ఏ ఏరియా డెస్కు నుంచి వచ్చిందో సాక్షి ఆ ఏరియాలోనే ఉన్నాడు. అక్కడ మనకున్నవి మూడో నాలుగో ఇళ్ళు. ఇంక వెతకడమెంత సేపు?"

పిస్టల్ దానంతటదే కిందికి దిగింది. గొలుసు తీయకుండా తలుపు తెరిచిన అనువాదకుడు గుర్తొచ్చాడు. ముగ్గురినీ తన చేతులతోనే పట్టిచ్చానని అతనికి అర్థమైంది.

"మరి నువ్వు," అన్నాడు. "నువ్వెవరి మనిషివి?"

"మీ మనిషినే. మొదట్నుంచీ. పెద్దాయనే పంపాడు."

"నాతో ఒక్క మాట చెప్పలేదేం?"

"చెప్తూనే ఉన్నాగా. ప్రతి సోమవారం." ఎడమ చెయ్యి ముందుకి చాపి, మణికట్టుకున్న సన్నటి వాచీ చూపించింది. "ఇందులో ట్రాన్స్‌మిటర్ ఉంది. చెప్పడానికే తప్ప వినడానికి పనికిరాదు. మూడే సందేశాలు. ప్రమాదం అని ఒకటి. రిపేరు కావాలి అని ఒకటి, అది వస్తే నిన్ను రెండున్నరకి ఈ లిఫ్ట్ దగ్గరికి పంపాలని పెద్దాయనతో ముందే ఒప్పందం. గడియారం సరిచేశారు అని ఒకటి. ఆ మూడోది నీకోసమే పెట్టించా. మెయింటెనెన్స్ సందేశం కదా, నీ డెస్కుకి తప్ప ఎవరికీ అక్కర్లేదు. చూడలేదా?"

వాళ్ళింట్లో హాల్లో ఒక గోడ గడియారం ఉంది. వారానికి ఐదు నిమిషాలు వెనకబడుతుంది. ప్రతి సోమవారం ఆఫీసుకి బయల్దేరే ముందు ఆమె స్టూలెక్కి సరిచేసేది. లోకంలో వస్తువులన్నీ బాగుచేసే మొగుడు తనకివ్వమంటే ఇచ్చేది కాదు. ఈ ఒక్కటీ నాకు వదిలెయ్ అనేది.

"నీ సందేశాలు కట్ చేశాను," అన్నాడతను. "ఆ ఫోటో చూసిన రోజే."

ఆమె కళ్ళు మూసుకుంది. తెరిచేటప్పటికి తడిగా ఉన్నాయి, గొంతు మాత్రం మామూలుగానే ఉంది. "చెప్తుంటే వినకుండా చెవులు మూసుకుని, ఊరంతా తిరిగి అడిగావన్నమాట. సరే, టైము లేదు. నిన్న పెద్దాయన నా ఫైల్లో ప్రయాణం వివరాలు చేర్చి ఉంటాడు. దాంతో ఇవాళ పొద్దున నీ ప్రశ్నకి పద్నాలుగో కవరు, ఆయన డెస్కుది, బరువుగా వచ్చింది. దాన్ని చదివే అనుమతి నీకు లేదు కాబట్టి నీ తెర మీద మామూలుగానే ‘సమాచారం లేదు’ అని పడి ఉంటుంది. డాక్టర్ చూశాడు. తూచే గదిలోకి నన్ను రానిచ్చింది కూడా ఇవాళే, నా మొహం ఎలా మారుతుందో చూద్దామని. నాలుగింటికి నీ పొద్దుటి కవరునే మళ్ళీ లైన్లో వేస్తాడట, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని. ఈసారీ బరువుగా వస్తే..." ఆ మాట పూర్తి చేయలేదు.

"ఇప్పుడే నాతో వచ్చెయ్."

"వస్తే రెండేళ్ళూ ఆ ముగ్గురూ వృథా. సోమవారం సాయంత్రం విమానానికి వాడు నన్ను ముఠా హెడ్‌క్వార్టర్స్‌కి తీసుకెళ్తున్నాడు. వాడికి పైన కూర్చున్నవాళ్ళంతా అక్కడే ఉన్నారు. ఇంకా ఎనిమిది మంది సాక్షులున్నారు, వాళ్ళకి పిల్లలున్నారు."

"అయితే పెద్దాయన డెస్కు జవాబివ్వకుండా ఆపేస్తా."

"పదమూడు వచ్చి ఒకటి రాకపోతే అదీ జవాబే. పద్నాలుగూ ఒకే బరువుండాలి. దానికి దారి ఒక్కటే ఉంది, నీకూ తెలుసు."

తెలుసు. ద్రోహి ప్రకటన. ఒక మనిషి ద్రోహి అని సందేశం వెళ్తే ప్రతి డెస్కూ ఆ మనిషి ఫైలుని చింపేసి, ఆ చోట ఒకే ఒక్క వాక్యం రాసుకుంటుంది. అన్ని కాపీల్లోనూ అదే వాక్యం, అదే బరువు. ఆమె మన మనిషే అనడానికి ఉన్న ఒక్క రుజువూ ఆ ఫైలుతోనే పోతుంది. ఆ ప్రకటన వెనక్కి తీసుకునేది కాదు. ఆమె ఎప్పుడు ఈ గడ్డ మీద కాలు పెట్టినా అరెస్టే.

"నువ్వు మళ్ళీ రాలేవు," అన్నాడు.

"ఆ రూలు రాసిందే నేను. నాకు చెప్తావేం?" అతని మీసం కొస తనే వేలితో నొక్కి అతికించింది. వేలు ఒక్క క్షణం ఎక్కువసేపు ఉండిపోయింది. "సంతకం పెట్టడానికి ఆలస్యం చెయ్యకు. చేస్తావు, నాకు తెలుసు. అయినా చెయ్యకు."

ఆరు నిమిషాలు అయిపోయాయి. ఐదో అంతస్తులో తలుపు తెరుచుకునేసరికి బాడీగార్డులు ఆయాసపడుతూ నిలబడి ఉన్నారు.

"దీనికి చాలా రిపేరుందయ్యా," అంది ఆమె, వెనక్కి చూడకుండా.

*

కంట్రోల్ రూమ్‌లో మూడూ నలభై నాలుగు. ప్రకటన ఫారం తెర మీద ఉంది. ద్రోహం ప్రకటించాలంటే శాఖాధిపతి అనుమతీ, ఆ మనిషిని అందరికంటే దగ్గరగా ఎరిగినవాళ్ళ సాక్ష్యమూ కావాలి. పెద్దాయన అప్పుడే సంతకం పెట్టేశారు.

"నాకు ముందే చెప్పొచ్చుగా సర్."

"నువ్వు వేషమైతే వెయ్యగలవు. మొహం దాచలేవు. ఆమే వద్దంది." పెద్దాయన అతని కళ్ళలోకి చూడలేకపోయారు. "టైమవుతోంది."

రిపేరు టైపు చేశాడు. ఈమె నా భార్య. ఈమె ద్రోహి అని నాకు స్వయంగా తెలుసు. అక్కడిదాకా చేతులు బాగానే కదిలాయి. వేలిముద్ర వెయ్యవలసిన గాజుపలక దగ్గర ఆగిపోయాయి. స్టూలు మీద నిలబడి గడియారం ముల్లు తిప్పుతున్న మనిషి పాదాలు కళ్ళకి కట్టాయి. రాళ్ళు పగలగొట్టమన్నా కొట్టేవాడు, ఆ వేలు ముందుకి జరపడం అతని వల్ల కాలేదు. మూడూ నలభై ఐదు. నలభై ఆరు. పెద్దాయన తొందర పెట్టలేదు. నలభై ఎనిమిదికి వేలు పలకకి ఆనింది. ప్రకటన బయల్దేరింది.

పదమూడు డెస్కులు నిమిషం లోపల అందుకుని కాపీలు మార్చేసుకున్నాయి. పద్నాలుగోది పెద్దాయన డెస్కు. శాఖలో అన్నిటికంటే భద్రమైనది, అన్నిటికంటే నత్తనడకది. ప్రతి సందేశానికీ మూడు తాళాలు. వరస తప్పి ఏదీ ముందుకి రాదు. ప్రకటనకి ముందు క్యూలో రెండు వందల పన్నెండు సందేశాలున్నాయి.

"నిమిషానికి ఎన్ని?" అన్నారు పెద్దాయన.

"పదిహేను సర్. పద్నాలుగు నిమిషాలు పడుతుంది."

"మనకున్నవి పన్నెండే."

ఆ రెండు నిమిషాలూ ఎక్కడ పోయాయో ఇద్దరికీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

నూట యాభై. తొంభై. మూడూ యాభై తొమ్మిదికి నలభై ఏడు. డాక్టర్ టైమంటే ప్రాణం పెట్టే మనిషని, నిమిషం ఆలస్యమైందని ఒకసారి సొంత డ్రైవర్నే కాల్చేశాడని అందరికీ తెలుసు. గోడ మీద నాలుగైంది. క్యూలో ముప్పై రెండు.

ప్రశ్న రాలేదు.

నాలుగూ ఒకటి. పదిహేడు. ఇంకా రాలేదు. పెద్దాయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. తొమ్మిది. నాలుగు. రెండు. ఒకటి. పద్నాలుగో డెస్కు తన దగ్గరున్న ఫైలుని చింపేసి ఆ ఒక్క వాక్యం రాసుకుంది.

నాలుగు సెకన్ల తర్వాత ఆ పొద్దుటి ప్రశ్న లైన్లో పడింది. ‘ఆమె ఎక్కడ ఉంది?’ పద్నాలుగు కవర్లు తిరిగి వెళ్ళాయి. పద్నాలుగూ ఒకే బరువు.

కంట్రోల్ రూమ్‌లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఐదున్నరకి డాక్టర్ కారు హోటల్ నుంచి బయల్దేరిందనీ, ఆమె అతని పక్క సీట్లో కూర్చుని నవ్వుతోందనీ కబురొచ్చింది.

"వాడికి నాలుగంటే నాలుగే," అన్నారు పెద్దాయన. "రెండు నిమిషాలు ఎందుకు లేటయ్యాడో అర్థం కావడం లేదు."

"లేటవలేదు సర్. ఆ గదిలో గడియారం ప్రకారం సరిగ్గా నాలుగింటికే వేశాడు." రిపేరు తెర వంకే చూస్తున్నాడు. "నేను ఎంతసేపు తాత్సారం చేస్తానో ఆమెకి తెలుసు. వాడి గడియారాన్ని కాస్త వెనక్కి తిప్పి కూర్చుంది."

ఆ సాయంత్రమే అతను తన క్వెరీని తీసేశాడు, సాక్షుల డెస్కు క్వెరీని కూడా. ఎనిమిది మంది సాక్షుల జాడ ఆ తర్వాత ఎవరికీ అంతుపట్టలేదు. తర్వాత తన డెస్కుకి రాకుండా ఆపేసిన సందేశాల మూట విప్పాడు. నూట నాలుగున్నాయి. నూట నాలుగింట్లోనూ ఒకటే మాట, గడియారం సరిచేశారు. మొదటి నుంచి చివరిదాకా ఒక్కటీ వదలకుండా చదివాడు. చదివి, కొత్తవి అందేలా లైను మళ్ళీ కలిపాడు.

సోమవారం పొద్దున్న ఏడింటికే వచ్చి కూర్చున్నాడు. తొమ్మిదైంది. పదైంది. అతని కాపీలోకి ఏమీ రాలేదు. మధ్యాహ్నం ఏదో తోచి, సిస్టమ్ తిప్పికొట్టిన సందేశాలు పడే పెట్టె తెరిచి చూశాడు. ఒక్కటే ఉంది. ఎనిమిదీ నలభైకి వచ్చింది.

గడియారం సరిచేశారు. తిరస్కరించబడింది. కారణం: పంపినవారు ద్రోహి. ఆధారం: భర్త సాక్ష్యం.

తలుపు గడియ పెట్టుకుని ఏడ్చాడు. తర్వాత మొహం కడుక్కుని, రూలుకి విరుద్ధమని తెలిసీ, ఆ సందేశాన్ని తన కాపీలో చేత్తో రాసుకున్నాడు. సాయంత్రం విమానం వెళ్ళిపోయింది. అంత దూరం నుంచి ఆ వాచీ పలకదు.

మూడు నెలల తర్వాత ఇంకో మిషన్‌కి బ్రీఫింగ్ జరిగింది. ఈసారి కాఫీ మిషన్లు బాగుచేసేవాడి వేషం. అంతా చెప్పి పెద్దాయన ఫైలు మూశారు.

"ప్రశ్నలున్నాయా?"

"లేవు సర్."

బ్రీఫింగ్ ముగిశాక, సర్వీసులో మొదటిసారి, పెద్దాయన తనే ఒకటి అడిగారు. "ఆమె సంగతేమైనా తెలిసిందా?"

"నా కాపీలో బాగానే ఉంది సర్."

"ఎప్పటి కాపీ?"

"సోమవారంది. కాస్త పాతదే, దాంతోనే నెట్టుకొస్తున్నా."

ఏ సోమవారమో అతను చెప్పలేదు. పెద్దాయన అడగలేదు. రూలు రూలే కదా.